నిమ్మ అంటు

రెండో బకెట్ సగం నిండేసరికి నల్లా ధార సన్నబడింది. మొగిలి బకెట్‌ను పక్కకు జరిపి వెనకున్న సమ్మమ్మ బిందెకు చోటిచ్చాడు. ఇచ్చాడే గాని ఆమె వైపు చూడలేదు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఆ వరసకంతటికీ అదొక్కటే నల్లా. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా నీళ్ళు వస్తాయి. ఆ గంటసేపూ అక్కడ మొక్కల ముచ్చట్లే. ఎవరి గులాబి మొగ్గ తొడిగింది, ఎవరి చిక్కుడు పాదుకు పేను పట్టింది, బియ్యం కడిగిన నీళ్ళు దేనికి పొయ్యాలి, చేపలు కడిగిన నీళ్ళు దేనికి పొయ్యాలి. ప్రతి ఇంటి ముందూ అడుగు పోయిన బకెట్లలో, గ్రీజు డబ్బాల్లో, మూతి పగిలిన కుండల్లో ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది.

సమ్మమ్మ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య. ఆమె కరివేపాకు మొక్క నెల రోజులుగా ఆకు రాలుస్తోంది.

"పుల్ల మజ్జిగ పోస్తనే ఉన్న మొగిలన్నా. అయినా రాలుతాంది" అంది.

"ఎన్ని దినాలకోసారి?"

"రోజూ."

"నీకు రోజూ పుల్ల మజ్జిగ తాపిస్తే నువ్వెన్ని దినాలు బతుకుతవ్? పదిహేను దినాలకోపాలి పొయ్యి. చాలు."

నల్లా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. సమ్మమ్మ కూడా నవ్వింది. మొగిలి నవ్వలేదు. బకెట్లు రెండూ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ వరసలో మొక్క చచ్చేటట్టుంటే మొగిలిని అడుగుతారు. అడిగితే తిడతాడు. ఆ తిట్టులోనే మందు ఉంటుంది, అందుకని మళ్ళీ అడుగుతారు. ఆ విద్య అతను సొంతంగా నేర్చింది కాదు. అతని భార్య చిలుకమ్మ బతికి ఉన్నప్పుడు నల్లా దగ్గర, గోడ మీదుగా, గడపలో కూర్చుని తోటి ఆడవాళ్ళతో చెప్పిన మాటలే అవన్నీ. అప్పుడు వాటిని విన్నట్టు కూడా కనబడేవాడు కాదు. ఆమె పోయాక చూసుకుంటే ఒక్కటీ మరిచిపోలేదు.

మనిషి పొడుగు. నడుము దగ్గర వంగాడు. ముప్పై నాలుగేళ్ళు లోకో షెడ్డులో ఇంజన్ల కింద నిలబడి నిప్పులూ బూడిదా లాగిన నడుము అది. కుడి ముంజేతి మీద వెంట్రుక మొలవదు. సెగకు మాడీ మాడీ చర్మం పాత తోలుసంచిలా నున్నబడింది. గోళ్ళ అంచున బొగ్గు నలుపు ఎన్ని సబ్బులు అరిగినా పోలేదు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, తడిగా ఉంటాయి. కొత్తగా చూసినవాళ్ళు ఏడ్చాడేమో అనుకుంటారు. చిలుకమ్మ పోయిన రోజున కూడా అవి అంతకంటె ఎక్కువ తడిసింది లేదు.

అది ఎనభై మూడో సంవత్సరం, ఆగస్టు ముప్పై ఒకటో తారీకు. మొగిలికి నౌకరి ఆఖరి రోజు.

పెరట్లోకి వచ్చి బకెట్లు దించాడు. పెరడంటే నాలుగు మంచాలు పట్టే జాగా. అందులో సగం నిమ్మచెట్టే ఆక్రమించింది. పద్నాలుగేళ్ళ చెట్టు. చిలుకమ్మ ఏటూరునాగారం పక్క తన తల్లిగారింటి నుంచి జానెడు మొక్కగా తెచ్చి పెట్టింది. పుట్టిన పిల్లలిద్దరూ నిలవలేదు. చెట్టు నిలిచింది. దాన్ని గురించి ఆమె అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనలేదు, అతనూ అడగలేదు. ఏటా రెండు కాపులు కాసేది. కాయ పలచటి తోలుతో, గోటితో గిచ్చితే రసం కారేటట్టు ఉండేది.

ఇంట్లో ట్రంకు పెట్టె కట్టి ఉంది. పరుపు చుట్టి తాడు బిగించి ఉంది. పరకాల పక్క ఊళ్ళో తమ్ముడి ఇంటి వెనక రెండు గదులు వేయించుకున్నాడు, ముందు ఖాళీ జాగా ఉంది. సాయంత్రం బస్సుకు పోవాలని నిర్ణయం. ట్రంకు పోతుంది, పరుపు పోతుంది, గిన్నెలు పోతాయి. పద్నాలుగేళ్ళ చెట్టు పోదు. తర్వాత ఈ క్వార్టర్‌లోకి వచ్చేవాడు దాన్ని ఉంచుతాడో, ముళ్ళున్నాయని కొట్టేస్తాడో. గింజ వేసుకోవచ్చు. గింజ మొలిచి కాయ కాసేసరికి ఆరేడేళ్ళు పడుతుంది, కాసినా అది దాని పిల్ల అవుతుంది గాని అది కాదు. అంటు కడితే మాత్రం అదే చెట్టు. కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేరు పుట్టించి, అప్పుడు కోసి తీసుకుపోవడం. అతనికి కావలసింది ఆ ఒక్క కొమ్మ.

మూడేళ్ళుగా కడుతున్నాడు. వానలు మొదలు కాగానే వేలెడు లావు కొమ్మను చూసి, చుట్టూ అంగుళం మేర బెరడు ఒలిచి, అక్కడ మెత్తటి పీచు తడిపి పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి బిగించి కడతాడు. రెండు నెలలకు విప్పి చూస్తాడు. మొదటి ఏడు కొమ్మ ఎండింది. రెండో ఏడూ ఎండింది. ఈసారి జూలై మొదటి వారంలో కట్టాడు. ఆకు ఇంకా పచ్చగానే ఉంది, కాని నాలుగు రోజులుగా అంచులు ముడుచుకుంటున్నాయి. విప్పాలంటే చెయ్యి రాలేదు. ఇక ఆఖరి రోజు, విప్పక తప్పదు.

కాగితం విప్పాడు. పీచు నల్లగా, జిడ్డుగా చేతికి అంటుకుంది. కుళ్ళు వాసన వేసింది. బెరడు ఒలిచిన చోట కొమ్మ తారు పూసినట్టుంది. వేరు లేదు. వేరు పుట్టబోయిన గుర్తు కూడా లేదు. కొమ్మను పట్టుకుని కొద్దిగా వంచితే అక్కడికి పుటుక్కున విరిగింది.

మొగిలి ఆ కొమ్మను గోడ పక్కన పడేసి, చేతులు కడుక్కుని, రెండు బకెట్ల నీళ్ళూ చెట్టు మొదట్లో పోశాడు. ఆఖరి రోజని ఒక చెంబు తగ్గించలేదు. తర్వాత నీలిరంగు యూనిఫారం తొడుక్కుని షెడ్డుకు బయలుదేరాడు.

గోడ అవతల హన్నా బట్టలు ఆరేస్తోంది. అతను అటు చూడలేదు, ఆమె ఇటు చూడలేదు. ఆ చూడకపోవడానికి నాలుగేళ్ళు నిండాయి.

హన్నా గూడ్సు గార్డు కృపానందం భార్య. ఆమె తండ్రి ఒక మిషన్ దవాఖాన తోటలో మాలీగా పని చేసినవాడు. అంటు కట్టడం ఆమెకు పుట్టింటి విద్య. చిలుకమ్మకూ ఆమెకూ స్నేహం కుదిర్చింది ఆ గోడే. అటు నుంచి గులాబి కొమ్మ వస్తే ఇటు నుంచి నిమ్మకాయలు పోయేవి. ఇటు నుంచి పొగాకు నానేసిన నీళ్ళు పోతే అటు నుంచి చేపలు కడిగిన నీళ్ళు వచ్చేవి. ఇద్దరూ అక్కా చెల్లె అని పిలుచుకునేవారు.

నాలుగేళ్ళ కింద మే నెలలో చిలుకమ్మ రెండు రోజులు దవాఖానలో ఉండి పోయింది. శవాన్ని ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. మొగిలి లోపలి నుంచి చాప తెద్దామని పెరటి వైపు వచ్చేసరికి, హన్నా డ్రమ్ములోంచి నీళ్ళు ముంచి నిమ్మచెట్టుకు పోస్తోంది. 

"వాకిట్ల శవం పెట్టుకుంటే నీకు చెట్టు ఫికరా? ఇంకోపాలి నా గడప తొక్కకు" అన్నాడు. అందరూ విన్నారు. ఆమె చెంబు కింద పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అంత్యక్రియలకు కృపానందం వచ్చాడు, ఆమె రాలేదు. రాలేదన్నది మొగిలి లెక్కలో రెండో తప్పు. తానే రావద్దన్నాడన్నది ఆ లెక్కలో లేదు.

ఆ మర్నాటి నుంచి చెట్టుకు నీళ్ళు తానే పోశాడు. మరొకరి చెయ్యి దాని మీద పడకూడదని పోశాడు. అట్లా పోస్తూ పోస్తూ చెట్టు అతనికి అలవాటైంది. కాని అంటు కట్టడం చిలుకమ్మకు తెలియదు. ఆ పని ఎప్పుడూ హన్నాదే. గోడ అవతల హన్నా తన జామకొమ్మకు అంటు కడుతుంటే మొగిలి తన కిటికీలోంచి చూసి నేర్చుకున్నాడు. బెరడు ఒలవడం కనబడింది. కాగితం చుట్టడం కనబడింది. లోపల ఏం పెట్టిందో ఆమె వీపు అడ్డమై కనబడలేదు. అడగవచ్చు. అడిగే మనిషి కాదు.

షెడ్డులో ఆ రోజు మామూలు పనే ఇచ్చారు. ఆఖరి రోజని ఫోర్‌మన్ కూర్చోమన్నాడు, మొగిలి కూర్చోలేదు. బల్లార్ష వైపు నుంచి వచ్చిన గూడ్సు ఇంజను బూడిద గుంట మీద నిలబడితే కిందికి దిగాడు. పొడుగాటి ఇనుప కొక్కెంతో లాగితే నిప్పులు బొలబొలా గుంటలో పడ్డాయి. నీళ్ళు కొట్టారు. తెల్లటి ఆవిరి లేచి మనిషిని మింగేసింది. ఆ ఆవిరిలోంచి అతను పైకి వచ్చినప్పుడు జోడీ ఖలాసీ యాకయ్య, ఇక రేపటి నుంచి నీ మొఖం తెల్లగైతది అన్నాడు.  ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని ఇంజన్లు లాగాడో ఎవరూ లెక్క పెట్టలేదు. ఆ పనికి పేరు లేదు. ఇంజను నడిపినవాడికి పేరుంటుంది. దాని కడుపు కడిగినవాడికి ఉండదు.

మధ్యాహ్నం తిండికి ముందు తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. తుడుచుకోవడానికి బస్తాలోంచి గుప్పెడు పీచు తీశాడు. ఇంజన్ల కడ్డీలు తుడిచే నూలు పీచు, బస్తాలకు బస్తాలు వస్తుంది. వాడిన పీచును కూడా పారేయరు. సోడా నీళ్ళలో ఉడకబెట్టి, ఆరబెట్టి మళ్ళీ వాడతారు. ఆ గుప్పెడు అట్లా ఉతికినదే. చూడడానికి తెల్లగానే ఉంది.

మొగిలి అంటుకు పెట్టింది ఈ పీచే. మెత్తగా ఉంటుంది, నీళ్ళు పట్టి ఉంచుతుంది అనుకున్నాడు. కొత్త పీచు బస్తా చేతికందేటట్టే ఉండేది. కాని రైల్వే కొత్త సరుకు ఇంటికి తీసుకుపోతే దొంగతనం. ముప్పై నాలుగేళ్ళలో ఒక బొగ్గు పెళ్ళ ఇంటికి తీసుకుపోనివాడు, కొమ్మ కోసం గుప్పెడు పీచు తీస్తాడా. వాడీ వాడీ ఇక పనికిరాదని పడేసిన దాన్ని తీసుకుని, ఇంట్లో మళ్ళీ రెండుసార్లు ఉడకబెట్టి, ఎండబెట్టి వాడాడు.

మోచేతి మీద నుంచి ఒక నీటిచుక్క జారి పీచు మీద పడింది. పడి, అట్లాగే నిలబడింది. మొగిలి దాన్ని చూశాడు. చుక్క ఇంకలేదు. చేతిని కొద్దిగా వంచితే గోలీలా దొర్లి అంచుకు వచ్చి కింద పడింది. తొట్టిలో వేలు ముంచి ఇంకో చుక్క వేశాడు. అదీ ఇంకలేదు.

"ఏం చూస్తానవ్ మొగిలన్నా?" అన్నాడు యాకయ్య, సద్దిగిన్నె మూత తీస్తూ.

"నీళ్ళు ఇంకుతలేవు."

"నూనె పీచుల నీళ్ళు ఎట్ల ఇంకుతయే. ఎంత ఉడకబెట్టినా నూనె నూనెనే."

మొగిలి పీచును గుప్పిట్లో నలిపాడు. మూడేళ్ళు. ఏటా రెండు నెలలు. కొమ్మ చుట్టూ నీళ్ళు కట్టి ఉంచానని తాను అనుకున్నాడు. కొమ్మకు ఒక్క చుక్క అంది ఉండదు. అంత చిన్న సంగతి యాకయ్యకు తెలుసు. షెడ్డులో చీపురు పట్టేవాడికి తెలుసు. రోజుకు నాలుగుసార్లు ఆ పీచుతో చేతులు తుడుచుకున్న తనకు తట్టలేదు. హన్నా వీపు అడ్డం వచ్చిన ఆ జానెడు మేరలో ఏముందో ఒక్క మాట అడిగి ఉంటే మొదటి ఏడే తేలిపోయేది.

ఆ రోజు సద్ది సగం తిని మూత పెట్టాడు. తప్పు చేసినవాణ్ణి మొగిలి ఎన్నడూ వదిలిపెట్టలేదు. ఇప్పుడు ఆ తప్పు చేసినవాడు తన యూనిఫారంలోనే కూర్చుని ఉన్నాడు.

మూడు గంటలకు ఫోర్‌మన్ గది ముందు అందర్నీ పిలిచి చాయ్, మిక్స్చరు పొట్లాలు ఇచ్చారు. మెడలో బంతిపూల దండ వేశారు. ఆ బంతిపూలు ఏ పెరట్లోవో మొగిలికి చూడగానే తెలిసింది; రేకుల కింద పురుగు ఉంది. మొగిలి లాంటి ఖలాసీ ఉండడన్నారు. నిన్నటి దాకా ఆ ముక్క ఎవరూ అనలేదు. ఏమన్నా మాట్లాడమంటే, ఏమీ లేదన్నాడు. దండ తీసి చేతికి చుట్టుకుని నేరుగా క్లర్కు కిషన్ రావు బల్ల దగ్గరికి పోయాడు.

కిషన్ రావు వారం కిందే చెప్పాడు. నౌకరి అయిపోయినా కాగితం పెట్టుకుంటే కొన్నాళ్ళు క్వార్టర్‌లో ఉండనిస్తారు, రాసిస్తా సంతకం పెట్టు అన్నాడు. మొగిలి ఆ కాగితాన్ని బల్ల మీదనే తిరిగి నెట్టేశాడు. పనైపోయినాక ఒక్క పూట కూడా వీళ్ళ నీడన ఉండనని ఆఫీసంతా వినేటట్టు అన్నాడు. ఇప్పుడు అదే బల్ల ముందు నిలబడ్డాడు.

"ఆ కాగితం రాయి."

కిషన్ రావు కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఒక్క పూట గూడ ఉండ అంటివి గద?"

"మూడు నెలలు రాయి."

"కారణం ఏమని రాయాలె?"

"చెట్టు."

"చెట్టని రాస్తే ఆఫీసర్ నవ్వుతడు మొగిలన్నా."

"నవ్వనియ్."

కిషన్ రావు నవ్వలేదు. కుటుంబ కారణాల వల్ల అని రాశాడు. మొగిలి దాన్ని కూడబలుక్కుని చదివాడు. నాలుగో తరగతి దాకా ఊరి బళ్ళో చదువుకున్నాడు, అక్షరం రాని మనిషి కాదు. తప్పేమీ కనబడలేదు. సంతకం పెట్టాడు.

ఒకటి అయింది. రెండోది ఇంకా ఉంది, అది బల్ల మీద కాగితంతో తేలేది కాదు.

నాలుగున్నరకు హన్నా ఇంటి ముందు నిలబడ్డాడు. గోడ దగ్గర నిలబడి పిలవవచ్చు. కాని గోడ మీదుగా మాట్లాడేది చిలుకమ్మ. తాను ముందు గుమ్మం నుంచే పోవాలనుకున్నాడు. హన్నా వరండాలో కూర్చుని కొబ్బరికాయ పీచు ఒలుస్తోంది. సన్నటి మనిషి, జుట్టు మూడొంతులు నెరిసింది. అతన్ని చూసి ఒలిచే చెయ్యి ఆపింది. లేవలేదు.

"కృపానందం లేడా?" అన్నాడు.

"లైను మీద పోయిండు. తెలువదా నీకు?"

తెలుసు. పొద్దున అతను పెట్టె పట్టుకుని పోవడం మొగిలి చూశాడు. ఏదో ఒకటి అడగాలి గనక అడిగాడు. ఇక అడగవలసింది ఒకటే మిగిలింది.

"అంటు కట్టేటప్పుడు లోపల ఏం పెడతవ్?"

ఆమె కాసేపు అతని చేతికి చుట్టి ఉన్న దండ వైపు చూసింది.

"నువ్వేం పెట్టినవ్?"

"షెడ్డు పీచు."

"ఇంజన్లు తుడిచేదా?"

"ఉడకబెట్టిన."

హన్నా కొబ్బరికాయను పక్కన పెట్టింది. నవ్వు వచ్చింది గాని బయటికి రానివ్వలేదు. "మూడేండ్ల సంది గోడ మీది నుంచి చూస్తనే ఉన్న. ఏం పెడ్తాండు ఈ మనిషి, కొమ్మ మీద కొమ్మ ఎండవెడ్తాండు అనుకున్న. చెప్దామంటే నువ్వు చెప్పిచ్చుకునే మనిషివి గాకపోతివి."

మొగిలి తల వంచి ఆమె ఒడి వైపు చూశాడు. 

"గిదే" అంది, ఒడిలో ఉన్న కొబ్బరి పీచు చూపించి. "నానబెట్టి పిండాలె. కుళ్ళిన ఆకు మన్ను జర కలపాలె. బెరడు తీసినంక జిగట గీకుతానవా?"

"ఏం జిగట?"

"బెరడు కింద జారుతది సూడు, గది. గీకకపోతే బెరడు మల్ల అతుక్కుంటది, వేరు రాదు." మబ్బు వైపు చూసింది. "వానలు ఇంక నెలన్నర ఉన్నయ్. ఇయ్యాల కట్టినా వేరు పడ్తది."

"వచ్చి చూపియ్యి."

హన్నా లేవలేదు. "నీ గడప తొక్కద్దంటివి."

 మొగిలి నిలబడ్డ చోటు నుంచి కదలలేదు. ఆ మాట అనలేదని అనే మనిషి కాదు.

"అన్న" అన్నాడు. "ఇప్పుడు నేనే రమ్మంటాన్న."

ఆమె కొంగులో పీచు వేసుకుని లేచింది.

నాలుగేళ్ళ తరువాత హన్నా ఆ పెరట్లోకి వచ్చింది. వచ్చి ముందు చెట్టు మొదలు చూసింది. పాదు చుట్టూ గట్టు సరిగా వేసి ఉంది, కలుపు లేదు, ఎండాకులు పరిచి ఉన్నాయి. తల ఊపింది. మాను మీద చెయ్యి వేసి, అతని వైపు చూడకుండానే చెప్పింది.

"దవాఖానకు పోయేటప్పుడు అక్క చెప్పింది. మా ఆయనకు చెట్టు యాదికుండది, నువ్వు పొయ్యి చెల్లె అన్నది. రెండు దినాలు నేను గూడ దవాఖాననే ఉంటి. ఎండలు చూస్తివి గద అప్పుడు. ఆ పొద్దు గిన్ని నీళ్ళు పొయ్యకపోతే ఎండిపోతుండె."

మొగిలి చేతి దండలోంచి ఒక బంతిపువ్వు ఊడి కింద పడింది. అతను వంగి దాన్ని తీయలేదు.

"మరి అప్పుడే చెప్పకపోతివి."

"నువ్వు అడిగినవా?"

తప్పయిందన్న మాట మొగిలి నోట ఎన్నడూ రాలేదు, ఆ రోజూ రాలేదు. ఇంట్లోకి పోయి, కట్టిపెట్టిన సామాను విప్పి, పీట తీసుకొచ్చి ఆమెకు వేశాడు. చిన్న కత్తి, ప్లాస్టిక్ కాగితం, చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఆమె కూర్చుని చెప్పింది, అతను చేశాడు. బెరడు ఒలిచాడు. కత్తి వీపుతో గీకితే నిజంగానే చేతికి జిగట తగిలింది. పొడిగా అయ్యేదాకా గీకమంది, గీకాడు. పీచు పిండితే నీళ్ళు కారకూడదు, తడి మాత్రం తెలియాలి అంది. పిండాడు. ఆ పెద్ద చేతులు, నిప్పులు లాగిన చేతులు, సన్నటి కొమ్మ చుట్టూ మెల్లగా పీచు అద్దాయి. కాగితం చుట్టి పురికొస పట్టుకుని ఆగాడు.

"చెల్లె, ముడి గట్టిగ బిగిస్తే కొమ్మ నలగదా?"

నాలుగేళ్ళ తరువాత వచ్చిన ఆ పిలుపు ఆమె విన్నది. విని, ఏమీ కానట్టే ముడి వైపు చూసింది.

"పైన గట్టిగ. లోపలికి వాననీళ్ళు పోవద్దు. కింద జర వదులు" అంది.

పరకాల బస్సు వేళకు మొగిలి పెరట్లో కూర్చుని పరుపు కట్టిన తాడు విప్పుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర అతన్ని చూసి సమ్మమ్మ ఆశ్చర్యపోయింది. పోలేదా అన్నా అని అడిగింది. చెట్టు పని ఉంది అన్నాడు. ఆ మూడు నెలలూ నల్లా దగ్గర అందరికీ అంటు సంగతే. షెడ్డు పీచు పెట్టి మూడేళ్ళు కొమ్మలు చంపానని మొగిలి తన నోటితో తానే చెప్పాడు, కొబ్బరి పీచు తప్ప మరొకటి పెట్టవద్దని చెప్పాడు. పెట్టినవాళ్ళను తిట్టాడు కూడా. అనసూయ అనే ఫిట్టరు భార్య దానిమ్మకు కట్టింది. సమ్మమ్మ కరివేపాకు కొత్త చిగురు తొడిగింది.

అక్టోబరు ఆఖరున కాగితం మీద వేలు పెట్టి చూస్తే లోపల సన్నటి తెల్లగీతలు కనబడ్డాయి. హన్నా తొందరపడవద్దంది. ఇంకో పది రోజులు ఆగి, గీతలు పసుపు రంగుకు తిరిగాక కోశాడు. గ్రీజు డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి అందులో నాటి, వారం రోజులు నీడన ఉంచాడు. ఒక్క ఆకు రాలలేదు. కొసన రెండు కొత్త ఆకులు, లేత ఎరుపుతో, విచ్చుకున్నాయి. మొగిలి వాటిని వేలితో ముట్టుకోలేదు. పీట వేసుకుని ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున పోయాడు. తాళం చెవి కిషన్ రావుకు అప్పజెప్పే ఏర్పాటు ముందు రోజే చేసుకున్నాడు. పోతున్నానని ఎవరికీ చెప్పలేదు. రిక్షాలో ట్రంకు, పరుపు వేయించుకుని, డబ్బాను రెండు చేతులా పట్టుకుని ఎక్కాడు. ఆ వేళకు హన్నా, కృపానందం ప్రార్థనకు చర్చికి పోయి ఉన్నారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి పక్కింటి తలుపుకు తాళం ఉంది. చెప్పకపాయె అన్నాడు కృపానందం. హన్నా చీర మార్చుకుని పెరట్లోకి వెళ్ళింది.

నిమ్మచెట్టు కొమ్మ ఒకటి గోడ మీదుగా ఆమె వైపుకు వంగి ఉంటుంది. దాని ఆకుల మధ్య ఒక మూట కట్టి ఉండడం ఆమె నెలన్నర కిందే చూసింది. ఎవరు కట్టారో తెలిసి చూడనట్టే ఊరుకుంది. ఆ రోజు ఆకులు పక్కకు తప్పించి దగ్గరగా చూసింది. గుప్పెడంత మూట. ప్లాస్టిక్ కాగితం లోపల తడి కొబ్బరి పీచు, రెండు కొసలా షెడ్డు బూట్ల నల్లటి తాళ్ళతో కట్టిన ముళ్ళు, పైది గట్టిగా, కిందిది కొంచెం వదులుగా. కాగితానికి లోపలి నుంచి ఆనుకుని దారమంత తెల్లటి వేరు.